తల్లినడుగని టీకా

*గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారింపగల టీకా చేతికంది యుండగా మన ఇండ్ల గుమ్మముల వద్ద దానికి నిరాకరణమే ఎదురగుచున్నది. ఆ నిరాకరణము వెనుక భద్రాచలం మన్యమున జరిగిన అపరాధ మొకటి కలదు. ఆ అపరాధమును అడ్డు పెట్టుకొని చదువుకొన్నవారు చేయుచున్న అపరాధము మరియొకటి కలదు.*

2009వ సంవత్సరమున, వానకాలపు నడిమి దినములలో, గోదావరి ఎర్రనీటితో బరువెక్కి పారుచున్న వేళ, భద్రాచలం మన్యములోని ఒక గిరిజన ఆశ్రమ పాఠశాల వరండాను మనస్సులో నిలుపుకొనుడు. రేకుల కప్పుమీద వాన మ్రోగుచున్నది. పది మొదలు పదునాలుగేండ్ల వరకు వయస్సు గల కోయ బాలికలు, రెండు జడలకు ఎర్ర రిబ్బనులు కట్టుకొని, చొక్కా చేతిని భుజము దాక పైకి లాగికొని బారులు తీరి యున్నారు. ముందు నిలిచిన పిల్ల కన్నులు గట్టిగా మూసికొన్నది; వెనుకనున్న పిల్ల ఆమె భుజము మీదుగా తొంగి చూచుచున్నది. బల్లమీద నీలిరంగు టీకా పెట్టె, దానిలో ఐసు ప్యాకుల నడుమ చిన్న సీసాలు, ప్రక్కన దూది. ఆ బల్ల రెండవ కొన యందు కాగితముల కట్ట. ప్రతి కాగితము అడుగునను తల్లి గాని తండ్రి గాని సంతకము చేయుటకై విడిచిన గీత యొకటి యున్నది. ఆ గీతల మీద, తల యెత్తకుండ, ఒకదాని వెంట నొకటిగా సంతకములు చేసికొని పోవుచున్నది హాస్టలు వార్డెను.

తల్లు లెక్కడ? వారు ఊరి పొలములలో మోకాలి బంటి నీటిలో నాట్లు వేయుచున్నారు. తమ బిడ్డల కేదో సూది వేయబోవుచున్నారని కొందరికి చూచాయగా తెలియును. అది ఏ సూదియో, ఏ రోగమునకో, ఎన్ని పర్యాయములు వేయుదురో, వద్దనుటకు తమకు హక్కున్నదో లేదో చెప్పినవారు లేరు.

ఈ దృశ్యము నా యూహలోనిదే. కాని ఆ యూహకు ఆధారము అధికార పత్రములలో నున్నది. కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము పరిశీలించిన ఆంధ్రప్రదేశపు అంగీకార పత్రములు 9,543 కాగా, వానిలో 1,948 వేలిముద్రలతోను, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకములతోను ఉన్నట్లు తేలినది. ఆ రెండు వేల ఏడువందల అరువది మూడు సంతకముల ఫలితమును తెలుగు నేల యింకను అనుభవించుచునే యున్నది.

ఖమ్మమున జరిగినదేమి?

2024 ఫిబ్రవరి 1వ తేదీన పార్లమెంటులో తాత్కాలిక బడ్జెట్టు ప్రవేశపెట్టుచు ఆర్థిక మంత్రి, తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకాను ప్రోత్సహింతుమని ప్రకటించిన నాటినుండి ఈ విషయము ఇంటింటను చర్చకు వచ్చినది. చర్చ యెక్కడ మొదలైనను, రెండవ మాటగానో మూడవ మాటగానో ఎవరో ఒకరు ‘ఖమ్మం’ అందురు. కనుక ఖమ్మము సంగతి మొదలే విప్పి చెప్పుట మంచిది.

అమెరికా దేశపు ‘పాత్’ అను స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాయందలి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో ఈ టీకా కార్యక్రమమును ఆరంభించినవి. ఇక్కడ దాదాపు 14 వేలమంది బాలికలకు ‘గార్డాసిల్’ టీకాను, గుజరాత్‌లోని వడోదరా జిల్లాలో దాదాపు 10 వేలమందికి ‘సెర్వారిక్స్’ అను మరియొక టీకాను వేసిరి. టీకాలను తయారీ సంస్థలు ఉచితముగా నిచ్చినవి. మూడు మోతాదులు వేయవలెను. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలమునకు పోయి విచారింపగా, కొందరు బాలికలు మరణించిరన్న వార్త బయటి లోకమునకు వ్యాపించినది. ఏప్రిల్‌లో కార్యక్రమము నిలిచిపోయినది.

రెండు రాష్ట్రములలోను కలిపి మరణించిన బాలికలు ఏడుగురు. విచారణలో తేలిన కారణములను ఒక్కొక్కటిగా చెప్పుట అవసరము, ఏలయన పదేపదే చెప్పబడుచున్నది ఏడు అను సంఖ్యయే గాని కారణములు కావు. ఒక బాలిక క్వారీ గుంటలో నీట మునిగి పోయినది. ఒక బాలిక పాము కాటునకు బలియైనది. ఇద్దరు పురుగుల మందు త్రాగిరి. ఒక బాలికకు మలేరియా ముదిరినది. మిగిలిన యిద్దరిలో ఒకరి విషయమున తీవ్ర జ్వరమని, మరియొకరి విషయమున మెదడులో రక్తస్రావమని అనుమానించిరి, నిశ్చయముగా చెప్పలేకపోయిరి. ఈ మరణములకు టీకాతో సంబంధ మున్నట్లు కనబడదని విచారణ సంఘము 2011లో చెప్పినది.

అంతటితో కథ ముగిసినచో ఎంత బాగుండెడిది! కాని అదే సంఘము, అంగీకారము సేకరించిన తీరు సరికాదనియు, టీకా పిమ్మట పిల్లలకు ఏదేని బాధ కలిగిన యెడల నమోదు చేయు ఏర్పాటు చాలదనియు గూడ చెప్పినది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో మరింత కఠినముగా, పాత్ సంస్థను, పరిశోధన మండలిని గూడ దోషులుగా నిలిపినది. టీకా నిర్దోషి, టీకా వేసిన విధానము దోషి. ఈ రెండు మాటలను కలిపి వినుటకు మన సమాజమున కెవరికిని ఓపిక లేకపోయెను. ఒక పక్షమువారు మొదటి మాటను మాత్రమే పట్టుకొని, గిరిజనులు అజ్ఞానులని తేల్చివేసిరి. రెండవ పక్షమువారు రెండవ మాటను మాత్రమే పట్టుకొని, సూదిలోనే విషమున్నదని తేల్చివేసిరి.

> రోగమును గురించి కొన్ని సంగతులు
>
> గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు మూలము హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మజీవి. ఆ సంబంధమును కనుగొన్న జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది.
>
> ఈ వైరస్ జాతులలో 16, 18 అను సంఖ్యలు గల రెండే నూటికి 70 వంతుల క్యాన్సర్లకు కారణము.
>
> వైరస్ సోకిన స్త్రీలలో పెక్కుమందికి రెండేండ్లలోపల దేహమే దానిని తరిమివేయును. అట్లు పోక నిలిచినప్పుడు, క్యాన్సరుగా మారుటకు సాధారణముగా 15 మొదలు 20 ఏండ్లు పట్టును.
>
> టీకాలో వైరస్ ఉండదు; దాని పైపొరను పోలిన ప్రోటీను గుల్లలు మాత్రమే యుండును. అప్పటికే సోకిన వైరస్‌ను ఈ టీకా తొలగింపజాలదు. బాల్యమునందే వేయవలె ననుటకు కారణ మిదియే.
>
> భారతదేశమున ఏటేట లక్షా ఇరువది వేలకు పైగా స్త్రీలకు ఈ వ్యాధి బయటపడుచున్నది. 75 వేలమందికి పైగా మరణించుచున్నారు.

డెబ్బదియైదు వేలు అనగా

సంఖ్య పెద్దదగుకొలది మనస్సునకు అందదు. కావున ఏ పెద్ద క్యాన్సరు ఆసుపత్రి వరండాకైనను ఒక ఉదయమున పోయి చూడవలెను. జిల్లాల నుండి రాత్రి బస్సెక్కి వచ్చిన స్త్రీలు, గుడ్డ సంచిలో స్కాను చిత్రములు, నీళ్ల సీసా, మడతలు పడిన ఆరోగ్యశ్రీ కాగితములు పెట్టుకొని, జనులు ‘కరెంటు పెట్టుట’ అని వ్యవహరించు కిరణ చికిత్సకై తమ వంతు వచ్చువరకు గోడకు చేరగిలి కూర్చుందురు. నలుబది యైదు, ఏబది ఏండ్ల వయస్సు. కూలికి పోయిన చేతులు. వెంట వచ్చినది కొడుకో కోడలో అయినను, ఏమైనదని యడుగగా ఎవరును మొదట ఆ అవయవము పేరు చెప్పరు. “కడుపులో గడ్డ” అని యూరకుందురు. తెల్లబట్ట ఏడాదిగా అగుచున్నదని, ముట్లు నిలిచిన తరువాత మరల రక్తము కనబడినదని, భర్తతో చెప్పుటకు సిగ్గుపడి, కోడలితో చెప్పుటకు మొగమాటపడి, చివరకు నడుము నొప్పి లేవనీయని దశలో మాత్రమే వైద్యుని యొద్దకు వచ్చినవారు వారిలో ఎందరో.

ఈ రోగము ఒక్కదినమున వచ్చి పడునది కాదు. పదునేను ఇరువది ఏండ్లు లోపల కదలకుండ కూర్చుండి, పరీక్ష చేసినచో దొరుకుటకు సిద్ధముగా నుండునది. అట్టి దానిచేత ఇంతమంది చనిపోవుచున్నారనగా, ఆ పదునేను ఇరువది ఏండ్లలో ఒక్క పర్యాయమైనను వారిని పరీక్షించిన వారు లేరని అర్థము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ముప్పది మొదలు నలుబదితొమ్మిదేండ్ల వయస్సు గల భారత స్త్రీలలో ఈ పరీక్ష ఎన్నడైనను చేయించుకొన్నవారు నూటికి ఇద్దరు గూడ లేరు. ఇట్టి దేశమున టీకాను కాదనుకొనుట యనగా ఉన్న రెండు తలుపులలో ఒకటి ఇదివరకే మూసియుండగా రెండవదానిని స్వహస్తములతో బిగించుకొనుట.

“మా పాపకి ఇవన్నీ ఎందుకు?”

నా యాగ్రహ మంతయు మన్యపు తల్లిమీద కాదు. ఆమెకు సందేహించు హక్కున్నది. ఆ హక్కును ఆమె కన్నకూతురి చేతిమీద గాయముగా సంపాదించుకొన్నది. “మా బిడ్డకి ఏం సూది ఏసిండ్రు?” అని యామె అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు చెప్పలేదు.

నేను సహింపలేకున్నది పట్టణములలోని మన యిండ్లలో జరుగుచున్న నిరాకరణమును. పిల్లల వైద్యుని గదిలో ఈ సంభాషణ ఎట్లు నడచునో తెలుగు వైద్యులెవరి నడిగినను చెప్పుదురు.

“పాపకి పన్నెండేళ్లు వచ్చాయి కదమ్మా. గర్భాశయ క్యాన్సర్ రాకుండా టీకా ఉంది, వేయించేద్దామా?”

“ఇప్పుడే ఎందుకు డాక్టరుగారూ? పెళ్లయ్యాక చూసుకోవచ్చు కదండీ.”

“పెళ్లయ్యాక వేస్తే అంత ఉపయోగం ఉండదమ్మా.”

అంతవరకు సెల్‌ఫోను చూచుకొనుచున్న తండ్రి తల యెత్తును. “ఖమ్మంలో దీనివల్లే పిల్లలు చచ్చిపోయారంట కదండీ? పైగా దీనివల్ల పిల్లలు పుట్టరని మా గ్రూపులో వచ్చింది. మా పాపకి ఇవన్నీ ఎందుకులెండి.”

ఈ చివరి వాక్యములోనే అసలు సంగతి యున్నది. వైరస్ స్త్రీపురుష సంపర్కము వలన సోకునని చదివిన మరుక్షణమున, ఆ టీకాను తమ కూతురి శీలమునకు ఎవరో అంటగట్టిన అపవాదముగా తలంచువారు కలరు. “మా పిల్ల అలాంటిది కాదు” అను మాట వారి నాలుకపై నుండును. ఆ పిల్ల ఎట్టిదో ఈ వైరస్‌కు అక్కరలేదు. పెండ్లియాడిన భర్త నుండియే అది సోకవచ్చును; ఏ దోషమును ఎరుగని పతివ్రతకు గూడ సోకవచ్చును; సోకుచునే యున్నది. పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లి చేసిన యెడల ఆపద మరింత ముందుగా ప్రారంభమగును. ఆంధ్రప్రదేశ్‌లో ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్ల లోపే వివాహమైనదని అదే సర్వే చెప్పుచున్నది. కూతురికి తొందరగా పెండ్లి చేయుటకు సిగ్గుపడని సమాజము, ఆ పెండ్లి వలన రాగల రోగమునకు ముందుగా టీకా వేయించుటకు సిగ్గుపడుట చూచినప్పుడు మనస్సు మండును.

సంతానము కలుగదన్న వదంతికి ఆధార మేమియు లేదు. ఆస్ట్రేలియా 2007 నుండియే దేశమంతట బాలికలకు ఈ టీకా వేయుచున్నది; అప్పటి బాలికలు నేడు తల్లులు. పోలియో చుక్కలను గురించియు ఇదే వదంతి ఉత్తరప్రదేశ్‌లో పుట్టినది, తట్టు-రుబెల్లా టీకాను గురించియు పుట్టినది. రోగము మారినను వదంతి మారలేదు. దానిని పంపువారు విద్యావంతులు. ‘ఫార్వర్డు’ చేయుటకు పట్టు రెండు క్షణములలో, అది నిజమా యని ఒక వైద్యుని అడుగుటకు పట్టు రెండు నిమిషములను వెచ్చింపనివారు. వారు ఖమ్మం బాలికల పేరు చెప్పుదురు గాని, ఆ బాలికల తల్లులకు జరిగిన అన్యాయమును గురించి ఒక్క మాటయు చెప్పరు. అడవి బిడ్డల దుఃఖమును ఎరువు తెచ్చుకొని తమ భయమునకు తొడుగుకొనుట నాకు క్షమింపరాని దనిపించును.

ఖరీదు మాట నిజమే. విదేశపు టీకా మోతాదు వేల రూపాయలలో నుండెను. 2022లో అనుమతి పొందిన పుణె సీరం సంస్థవారి ‘సెర్వావాక్’ మందుల దుకాణములో రెండు వేల రూపాయల కొచ్చినది. కూలివాని కిది గూడ భారమే. ఆ భారమును ప్రభుత్వమే వహింపవలెను. కాని పుట్టినరోజు కేకునకును హాలు అద్దెకును అంతకు పదింతలు వెచ్చించు కుటుంబము ఖరీదు సాకు చెప్పరాదు.

కోసివేసిన నమ్మకము

ఇన్ని మాటలన్న పిమ్మట వైద్యలోకపు వైపును గూడ చూడవలసియున్నది. “గర్భసంచికి క్యాన్సరు వస్తుంది” అను వాక్యమును తెలుగు స్త్రీ మొదటి పర్యాయము ఎక్కడ విన్నది? టీకా ప్రచారములో కాదు. పెక్కు తావులలో చిన్న పట్టణపు ప్రైవేటు ఆసుపత్రి గదిలో, నలుబదేండ్లైన నిండకముందే, తెల్లబట్టకో నడుము నొప్పికో పోయినప్పుడు విన్నది. విని భయపడి గర్భసంచి తీయించుకొన్నది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునేను మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశమంతట నూటికి 3.2 వంతులు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 వంతులు. దేశమునకు రెండింతలకు మించి! ఆ కోతలలో అక్కరలేనివి ఎన్నో చెప్పవలసినవారు వైద్యులే. పరీక్ష చేయకుండ క్యాన్సరు పేరు చెప్పి భయపెట్టిన నోటినుండియే ఇప్పుడు “క్యాన్సరు రాకుండ టీకా” అను మాట వచ్చినప్పుడు, ఊరి స్త్రీ ఒక యడుగు వెనుకకు వేయుట అజ్ఞానము కాదు, అనుభవము.

నమ్మక మనునది ఒక తరమువారు ఖర్చుచేసికొనగా తరువాతి తరమువారు తీర్చవలసిన యప్పుగా మారును. తీర్చుచున్నది మాత్రము వైద్యులు కారు, వార్డెన్లు కారు. ముప్పది ఏండ్ల పిమ్మట ఆసుపత్రి వరండాలో గోడకు చేరగిలబోవు నేటి బాలికలు.

> అమ్మవారి కాలము నుండి
>
> మన దేశమున మశూచి టీకా మొదట వేయబడినది 1802 జూన్ 14న బొంబాయిలో, ఆన్నా డస్టాల్ అను మూడేండ్ల బాలికకు. ఆమె చేతి పొక్కునుండి తీసిన రసమునే ఇతరులకు వేసిరి. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవు ఆ పద్ధతి, కులభేదములు గల సమాజమున నిరాకరణమునకు ఒక ముఖ్య కారణమైనది.
>
> తెలుగునాట మశూచిని పెద్దమ్మవారని, ఆటలమ్మను చిన్నమ్మవారని పిలిచి, పోలేరమ్మకు చల్ది నివేదించి, మంచము చుట్టు వేపమండలు కట్టిరి. ఆ దేవతలు నేటికిని కొలువుదీరియే యున్నారు. రోగము మాత్రము లేదు: దేశములో పుట్టిన మశూచి చివరిసారి 1975 మే నెలలో కనబడినది, 1977లో మన దేశము మశూచి విముక్తమని ప్రకటింపబడినది.
>
> హెపటైటిస్-బి టీకాను మన దేశముననే తొలిసారిగా తయారుచేసి 1997లో చౌకగా నందించినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. రోటా వైరస్, కోవిడ్ టీకాలు గూడ ఈ నగరమున తయారైనవి.

ఆగిన చోటనే దొరికిన సత్యము

2010 ఏప్రిల్‌లో ఖమ్మము కార్యక్రమముతో పాటు మరియొక పరిశోధన గూడ నిలిచిపోయినదని చాలమందికి తెలియదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఆధ్వర్యమున, ఈ టీకాను రెండు మోతాదులు వేసిన చాలునా మూడు వేయవలెనా యని తెలిసికొనుటకై, దేశములోని తొమ్మిది కేంద్రములలో ఇరువది వేలమంది బాలికలను చేర్చుకొనదలచిన ప్రయత్నమది. ఖమ్మము గొడవతో దానిని గూడ ఆపివేయవలసివచ్చినది. అప్పటికి దాదాపు 5 వేలమంది బాలికలకు ఒక్క మోతాదు మాత్రమే పడియుండెను. రెండవది వేయుటకు వీలు లేకపోయెను.

పరిశోధకులు ఆ బాలికలను విడువలేదు. ఏటేట వారి యోగక్షేమములను విచారించుచు, పదేండ్లు కనిపెట్టి చూచిరి. 2021లో ప్రకటించిన ఫలితము ప్రకారము, 16, 18 జాతుల వైరస్ దేహములో నిలిచిపోకుండ ఆ ఒక్క మోతాదే నూటికి 95 వంతులు కాపాడినది. మూడు మోతాదులు పడినవారికిని వీరికిని చెప్పుకొనదగిన భేదము లేదు. ఆఫ్రికాలోని కెన్యాలో జరిగిన పరీక్షయు ఒక్క మోతాదు శక్తిని బలపరచినది. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణ సంఘము, బాలికలకు ఒక్క మోతాదైనను చాలునని సిఫారసు చేసినది. పేద దేశముల కిది ఎంతటి ఊరటయో వేరుగా చెప్పనక్కరలేదు. మూడు పర్యాయములు పిల్లలను వెదకి పట్టుకొనవలసిన శ్రమ ఒక్క పర్యాయముతో తీరినది, మూడింటి ఖరీదు ఒకటికి దిగినది.

ఇట్లు మన బాలికల దేహములయందు దొరికిన జ్ఞానముతో లోకమందలి ఎన్నియో దేశములు తమ కూతుళ్లను కాపాడుకొనుచున్నవి. ఆ జ్ఞానమునకు పుట్టినిల్లైన దేశమున మనము ఇంకను “వేయించవచ్చునా?” అని ఒకరి నొకరు ప్రశ్నించుకొనుచున్నాము. దీనికంటె బాధాకరమైన సంగతి ఈ విషయమంతటిలో నాకు వేరొకటి కనబడదు.

జపాను చెల్లించిన మూల్యము

భయమునకు విద్యయు ధనమును అడ్డుకట్టలు కాజాలవని జపాను చూపినది. 2013 ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వము ఈ టీకాను సాధారణ టీకాల పట్టికలో చేర్చినది. కొందరు బాలికలకు నొప్పులు, వణుకు కలిగినవని పత్రికలు, దూరదర్శనములు హోరెత్తించగా, రెండు నెలలకే, జూన్‌లో, తన సిఫారసును ఉపసంహరించుకొన్నది. డెబ్బది శాతము దాక నున్న టీకా ఒక్క శాతమునకు లోబడి పోయినది. నగోయా నగరమున దాదాపు 30 వేలమంది యువతుల సమాచారమును పరిశీలించి, ఆ లక్షణములకు టీకాతో సంబంధము లేదని నిపుణులు చూపినను ప్రభుత్వము తిరిగి నోరు విప్పుటకు 2022 ఏప్రిల్ వరకు పట్టినది. దాదాపు తొమ్మిదేండ్లు! ఆ నడుమ వయస్సు దాటిపోయిన బాలికలలో వేలకొలది మంది ఈ క్యాన్సరుతో ముందుముందు మరణింతురని పరిశోధకులు లెక్కగట్టిరి.

అదే కాలమున స్కాట్లండులో, 2008లో ఆరంభించిన కార్యక్రమము క్రింద పన్నెండు పదమూడేండ్ల వయస్సున టీకా పూర్తిగా పొందిన యువతులలో ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సరు ఒక్కరికిని కనబడలేదని 2024 జనవరిలో ప్రకటించిరి.

అడిగినచో ఇచ్చిరి

తల్లిదండ్రులు మొండివారని నిస్పృహ చెందువారు సిక్కింను చూడవలెను. 2018లో ఆ చిన్న రాష్ట్రము తన బాలికలందరికి ఈ టీకా వేయబూనినది. సూది పట్టుకొనుటకు ముందే ఉపాధ్యాయులతో, పత్రికలవారితో, వైద్యులతో, తల్లిదండ్రులతో మాటలాడినది; వదంతి పుట్టినచో ఎవరు సమాధానము చెప్పవలెనో ముందే నిర్ణయించుకొన్నది. నూటికి 95 మందికి మించి బాలికలకు టీకా అందినది. ఖమ్మమునకు సిక్కింనకు నడుమ టీకా మారలేదు. అడిగిన తీరు మారినది.

పోలియో కథయు అంతియే. 2002లో దేశమున 1,600 పోలియో కేసులు రాగా, వానిలో ముప్పాతిక వంతులు ఉత్తరప్రదేశ్‌వే. తలుపులు మూసికొన్న వాడలలో, అధికారుల జీపులు చేయలేని పనిని అదే వాడకు చెందిన స్త్రీలు, మసీదులలోని ఇమాములు, ఊరి యుపాధ్యాయులు చేసిరి. చుక్కలతోపాటు జ్వరపు బిళ్లలును ఇచ్చిరి, పారిశుద్ధ్యమును గురించియు మాటలాడిరి. 2011 జనవరి 13న హౌరా జిల్లాలో కనబడిన కేసు తరువాత ఈ దేశమున పోలియో వైరస్ సహజముగా సోకి ఏ బిడ్డయు కాలు పోగొట్టుకొనలేదు.

మన రెండు తెలుగు రాష్ట్రములలో ఆ పని చేయగలవారు లేకపోలేదు. ప్రతి పల్లెలోను ఆశ కార్యకర్త యున్నది. ఏ ఇంటి కోడలు నెల తప్పినదో, ఏ పిల్ల ఈడేరినదో ఆమెకు తెలియును. “అక్కా” అని పిలిచి అరుగుమీద కూర్చుండగల చనువు ఆమెకు కలదు. కాని ఆమె చేతికి కరపత్రమిచ్చి పంపిన చాలదు. టీకా తరువాత కొంతసేపు పిల్లను ఎందుకు కూర్చుండబెట్టవలెనో, చేయి వాచుట, కొద్దిపాటి జ్వరము, కండ్లు తిరుగుట ఎందుకు కలుగునో, ఆ రాత్రి పిల్లకు బాధ కలిగినచో ఏ నెంబరునకు ఫోను చేసిన ఎవరు పలుకుదురో ఆమెకు ముందు చెప్పవలెను. ఆమె తన కూతురికి మొదట వేయించుకొను నంతటి ధైర్యము ఆమెకు కలుగవలెను. మన్యమున ఆ మాట కోయభాషలో చెప్పవలెను. ఆశ్రమ పాఠశాలలలో నున్న బిడ్డల విషయమున, దసరాకో సంక్రాంతికో పిల్లలు ఇంటికి పోయినప్పుడు తల్లిదండ్రులతో మాటలాడి, కాదనువారి బిడ్డను బారునుండి తప్పించి, ఔననువారి వ్రేలిముద్రను వారి యెదుటనే తీసికొనవలెను. దీనికి రెండు నెలలు ఆలస్యమైనను కానిండు.

పిల్లకు టీకా వేయించుటకు వచ్చిన తల్లిని గూడ ఆ దినమే పరీక్షింపవచ్చును. పలుచని అసిటిక్ ఆమ్లమును, అనగా వెనిగరు వంటి ద్రవమును, గర్భాశయ ముఖమునకు పూసి, ఒక నిమిషము పిమ్మట తెల్లని మచ్చ కనబడునేమో చూచు పరీక్షకు పెద్ద యంత్రములు అక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనే తెరచాటున చేయగలదు. ముంబయి మురికివాడలలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ఇట్టి పరీక్షను రెండేండ్ల కొక పర్యాయము చేయించగా, ఈ క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గినవని 2013లో ప్రకటించిరి. కూతురికి టీకా వేయుగది ఒకటి, తల్లికి పరీక్ష చేయుగది ఒకటి, రెండును ఒకే కప్పు క్రింద, ఒకే దినమున ఏర్పరచుటకు జిల్లా వైద్యాధికారి ఒక ఉత్తరువు వ్రాసిన చాలును.